జపాన్ పాత కంప్యూటర్ గేముల పరిరక్షణ, పరిశోధన

జపాన్‌లో 1970ల చివరి నుంచి 1990ల చివరి వరకు పర్సనల్ కంప్యూటర్ల కోసం తయారైన ఆటలను సేకరించడం, వాటి డేటాను మూల ఫ్లాపీ లేదా క్యాసెట్ నుంచి ఉన్నదున్నట్టుగా నకలు తీయడం, పెట్టెలు, కరదీపికలు, ప్రకటనలతో సహా భద్రపరచడం, ఎవరు ఎప్పుడు ఏ యంత్రం కోసం తయారు చేశారో ఆధారాలతో తేల్చడం ఈ రంగం పరిధిలోకి వస్తాయి. టీవీకి తగిలించి ఆడే ఫామికామ్ వంటి యంత్రాల ఆటలు, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆటలు వేరే విభాగాలు. జపాన్ గేములనగానే బయటి ప్రపంచానికి ఆ రెండే గుర్తుకొస్తాయి. కానీ ఎనిక్స్, స్క్వేర్, కోయీ, హడ్సన్ వంటి సంస్థలు తొలి పాఠాలు నేర్చుకున్నది కంప్యూటర్ ఆటల మీదే. ఆ ఆటలే ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి.

యంత్రాల నేపథ్యం

ఎన్‌ఈసీ 1979లో పీసీ-8001ను, 1981లో పీసీ-8801ను, 1982లో పీసీ-9801ను విడుదల చేసింది. ఫుజిత్సు 1982లో ఎఫ్‌ఎం-7ను, షార్ప్ అదే ఏడాది ఎక్స్1ను తెచ్చాయి. 1983లో ఆస్కీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎంఎస్ఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించాయి. షార్ప్ ఎక్స్68000 1987లోనూ, సీడీ-రోమ్ డ్రైవుతో సహా అమ్మిన ఫుజిత్సు ఎఫ్‌ఎం టౌన్స్ 1989లోనూ వచ్చాయి. ఒక సంస్థ యంత్రం మీద నడిచే ఆట మరో సంస్థ యంత్రం మీద నడవదు. అందుకే ఒకే ఆట నాలుగైదు రూపాల్లో వెలువడేది. ఒక్కో రూపంలో రంగులు, సంగీతం, వేగం, కొన్నిసార్లు ఆట కథనం కూడా తేడాగా ఉండేవి.

జపాన్ మార్కెట్ చాలాకాలం ఐబీఎం పీసీల ప్రభావానికి దూరంగా ఉండటానికి లిపి ముఖ్యమైన కారణం. జపాన్ ప్రమాణంలో మొదటి స్థాయి కంజి అక్షరాలే 2,965. వాటిని చదవడానికి వీలుగా చూపాలంటే ఒక్కో అక్షరానికి అడ్డంగా 16, నిలువుగా 16 చుక్కలు కావాలి. పీసీ-9801 అక్షరాల ఆకారాలను ప్రత్యేకమైన రోమ్ చిప్‌లో ఉంచి, 640×400 చుక్కల తెర మీద చూపించేది. 1990లో వచ్చిన డాస్/వీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐబీఎం పీసీల మీద ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తోనే సాధ్యం చేసింది. విండోస్ 95 వచ్చాక సొంత యంత్రాల కాలం ముగిసింది. పీసీ-98 వరుస యంత్రాలకు ఎన్‌ఈసీ 2003లో ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. ఈ అక్షరాల చిప్ ప్రసక్తి నకళ్లను నడిపే చోట మళ్లీ వస్తుంది (చూ. ఎమ్యులేటర్లు).

తయారీదారులు, అమ్మకం

తొలినాళ్లలో ఆట తయారు చేయడానికి ఒక మనిషి, ఒక కంప్యూటర్ సరిపోయేవి. ఎనిక్స్ సంస్థ 1982లో ప్రోగ్రాముల పోటీ ప్రకటించి, గెలిచినవాటిని దుకాణాల్లో పెట్టింది. ఆ పోటీలో 'డోర్ డోర్' రాసిన కోయిచి నకమురా, టెన్నిస్ ఆట రాసిన యుజి హోరీ 1986లో 'డ్రాగన్ క్వెస్ట్' మీద కలిసి పనిచేశారు. పరిశ్రమ టోక్యోకే పరిమితం కాలేదు. హడ్సన్ సప్పోరోలో, టీ అండ్ ఈ సాఫ్ట్ నగోయాలో, మైక్రో క్యాబిన్ యొక్కైచిలో, సిస్టమ్ సాఫ్ట్, రివర్‌హిల్ సాఫ్ట్ ఫుకుఓకాలో, ఫాల్కమ్ టోక్యో శివార్లలోని తచికావాలో పనిచేశాయి. కంప్యూటర్లు అమ్మే దుకాణాలే సొంతంగా ఆటలు ప్రచురించిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటివి ఆ ఊరు దాటి పెద్దగా బయటికి వెళ్లలేదు. ఇప్పుడు దొరకడం కష్టమైన ఆటల్లో వీటి వాటా పెద్దది.

హెంక్ రోజర్స్ రూపొందించిన 'ది బ్లాక్ ఆనిక్స్' (1984), టీ అండ్ ఈ సాఫ్ట్ 'హైడ్‌లైడ్' (1984), 4 లక్షలకు పైగా అమ్ముడైన ఫాల్కమ్ 'జనదు' (1985), గేమ్ ఆర్ట్స్ 'థెక్స్‌డర్' (1985) బాగా పేరున్నవి. వాటి కాపీలు పాత వస్తువుల దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. పరిరక్షకుల దృష్టి ప్రధానంగా అవతలి కొసన ఉంటుంది: తపాలా ద్వారా మాత్రమే అమ్మినవి, ప్లాస్టిక్ సంచిలో క్యాసెట్, జిరాక్స్ కాగితం పెట్టి ఇచ్చినవి, అభిమానులు కొమికెట్ సంతలో బల్లల మీద పెట్టి అమ్మిన 'దోజిన్' ఆటలు. యంత్రం పాతబడగానే దానితోపాటు ఫ్లాపీలూ చెత్తలోకి పోయాయి. ఇరుకు ఇళ్లలో వాటిని దాచుకున్నవారు తక్కువ.

మాధ్యమాలు

*క్యాసెట్లు.* సుమారు 1984 దాకా చవకైన ఆటలన్నీ మామూలు ఆడియో క్యాసెట్ల మీదే వచ్చాయి. పీసీ-8001 సెకనుకు 600 బిట్ల వేగంతో చదివేది. టేపు సాగినా, ధ్వని స్థాయి మారినా బిట్లు తారుమారవుతాయి. అందుకే క్యాసెట్‌ను ముందు అధిక నాణ్యత గల ఆడియో ఫైలుగా రికార్డు చేసి, ఆ ఫైలు నుంచి డేటాను సాఫ్ట్‌వేర్‌తో విడదీస్తారు. ఆడియో ఫైలును కూడా దాచి ఉంచుతారు.

*ఫ్లాపీలు.* పీసీ-8801లో వాడిన 5.25 అంగుళాల '2డీ' ఫ్లాపీలో సుమారు 320 కిలోబైట్లు, పీసీ-9801లో వాడిన '2హెచ్‌డీ' ఫ్లాపీలో 12,61,568 బైట్లు పట్టేవి. దుకాణాల్లో అమ్మిన ఆటల్లో అధిక భాగం వీటి మీదే ఉంది. పరిరక్షణలో కష్టమంతా ఇక్కడే (చూ. నకలు తీసే పద్ధతి).

*కార్ట్రిడ్జ్‌లు, సీడీలు.* ఎంఎస్ఎక్స్ కార్ట్రిడ్జ్‌లలోని చిప్‌లు ఫ్లాపీల కన్నా ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. ఎఫ్‌ఎం టౌన్స్ సీడీల్లో డేటాతో పాటు సంగీతం ట్రాకులుగా ఉంటుంది. నకలులో రెండూ వాటి క్రమంలోనే ఉండాలి.

*అచ్చు పత్రికలు.* 'ఐ/ఓ' (1976), 'ఆస్కీ' (1977), 'మైకాన్ బేసిక్ మ్యాగజైన్' (1982–2003) వంటి పత్రికలు ఆటల ప్రోగ్రాములను అచ్చు వేసేవి. పాఠకులు వాటిని చూసి కంప్యూటర్‌లో టైపు చేసుకునేవారు. యంత్ర భాషలో రాసిన ప్రోగ్రామైతే పేజీ నిండా అంకెలూ అక్షరాలే. ఒక్కటి తప్పు కొట్టినా ఆట ఆగిపోతుంది. కాబట్టి చాలా జాబితాల్లో వరుసల చివర, నిలువు వరుసల అడుగున కూడిక మొత్తాలు ఇచ్చేవారు. పేజీలను స్కాన్ చేసి ప్రోగ్రామును తిరిగి ఎక్కించేవారికి నేటికీ ఆ మొత్తాలే సరిచూసుకునే ఆధారం. కొన్ని పత్రికలు పలచని ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డు మీద ప్రోగ్రాము శబ్దాన్ని ముద్రించి సంచికతో పాటు ఇచ్చాయి.

*తకేరు యంత్రం.* నగోయాకు చెందిన బ్రదర్ సంస్థ 1986 నుంచి 1997 వరకు దుకాణాల్లో 'తకేరు' అనే అమ్మకపు యంత్రాలను నడిపింది. డబ్బు వేసి ఆటను ఎంచుకుంటే యంత్రం ఖాళీ ఫ్లాపీ మీద డేటాను అప్పటికప్పుడు రాసి, కరదీపికను అక్కడే ముద్రించి ఇచ్చేది. డేటా టెలిఫోన్ తీగల మీదుగా కేంద్రం నుంచి వచ్చేది. పెట్టె అచ్చు వేయించే స్తోమత లేని చిన్న తయారీదారులకు ఇది గొప్ప వసతి. పరిరక్షకులకు మాత్రం చిక్కు తెచ్చింది. ఇలా అమ్మిన ఫ్లాపీలన్నిటికీ ఒకే రకం రూపం ఉంటుంది కాబట్టి, బయటినుంచి చూస్తే సొంతంగా రాసుకున్న కాపీ ఏదో, కొన్న కాపీ ఏదో తెలియని సందర్భాలు ఎదురవుతాయి. ఈ టెలిఫోన్ పంపిణీ అనుభవమే తర్వాత బ్రదర్ అనుబంధ సంస్థ నడిపిన కరావోకే సేవకు పునాది అయింది.

నకలు తీసే పద్ధతి

ఫ్లాపీ అంటే పలచని ప్లాస్టిక్ బిళ్ల మీద ఇనుప ఆక్సైడ్ పొడిని జిగురుతో అంటించిన పూత. కాలం గడిచేకొద్దీ జిగురు బలహీనపడుతుంది. జపాన్‌లో జూన్, జూలై నెలల వానాకాలపు తేమకు ఫ్లాపీల మీద బూజు పడుతుంది. తొడుగుకు ఉన్న పొడవాటి కంతలోంచి చూస్తే బూజు తెల్లని చుక్కలుగా కనిపిస్తుంది. అలాంటి ఫ్లాపీని ఉన్నపళంగా డ్రైవులో పెడితే చదివే తల బూజును గీరుతుంది, దానితోపాటు పూతనూ గీరుతుంది. బిళ్ల చుట్టూ గుండ్రటి గీత పడి, ఆ ట్రాకులోని డేటా ఇక ఎప్పటికీ తిరిగిరాదు. అంతటితో ఆగదు. తలకు అంటుకున్న మురికి ఆ తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది. ఇంట్లో దొరికిన పాత ఫ్లాపీ పనిచేస్తుందో లేదో చూద్దామని వెంటనే డ్రైవులో పెట్టడం అందుకే ప్రమాదకరం.

అనుభవజ్ఞులు ముందు తొడుగు అంచును జాగ్రత్తగా తెరిచి బిళ్లను బయటికి తీస్తారు. ఒక మూలన పరీక్షించి పూత దెబ్బతినదని తేలాక, పీచు రాలని గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడుస్తారు. ఆరిన బిళ్లను శుభ్రమైన మరో తొడుగులో ఉంచి చదువుతారు. పాత తొడుగు మీద ఆట పేరున్న చీటీ ఉంటుంది కనుక దాన్ని పారేయరు.

చదవడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది సెక్టార్ల వారీగా చదవడం. డ్రైవు నియంత్రణ చిప్ బిట్లను అర్థం చేసుకుని ఇచ్చిన ఫలితాన్ని 'డీ88' వంటి ఫైలులో దాస్తారు. రెండోది అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ కాలాన్ని మాత్రమే కొలిచి నమోదు చేయడం. 2డీ ఫ్లాపీలో ఈ మార్పుల మధ్య ఎడం 4, 6 లేదా 8 మైక్రోసెకన్లు, 2హెచ్‌డీలో 2, 3 లేదా 4 మైక్రోసెకన్లు ఉంటుంది. క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరాలు ఈ ఎడాన్ని నానోసెకన్ల సున్నితత్వంతో కొలుస్తాయి. ఒక్కో ట్రాకును పలు చుట్లు చదివి, ఆ చుట్లను పోల్చి చూస్తారు. నమోదైన కాలాల పట్టీలో ఎడాలు మూడు గుంపులుగా విడివిడిగా ఉంటే ఫ్లాపీ ఆరోగ్యంగా ఉన్నట్టు, గుంపులు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే పూత బలహీనపడినట్టు లెక్క. పేర్కొన్న పరికరాల్లో గ్రీజ్‌వీజిల్ డిజైన్ అందరికీ తెరిచి ఉంది.

రెండో పద్ధతికి స్థలం, సమయం ఎక్కువ పడతాయి. అయినా కాపీ రక్షణ ఉన్న ఆటలకు ప్రామాణిక నకలు ఇదొక్కటే.

కాపీ రక్షణ

1980ల తొలి ఏళ్లలో జపాన్‌లో సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు ఇచ్చే దుకాణాలు వెలిశాయి. అద్దెకు తెచ్చి కాపీ చేసుకోవడం పెరిగిపోవడంతో తయారీదారులు ఫ్లాపీలనే ప్రత్యేకంగా రాయించారు. ఒకే ట్రాకులో ఒకే సంఖ్యతో రెండు సెక్టార్లు పెట్టడం, కావాలని తప్పు సరిచూపు సంకేతం రాయడం, ట్రాకును ఖాళీగా వదిలేయడం, చదివిన ప్రతిసారీ వేరే ఫలితం ఇచ్చేలా బలహీనమైన బిట్లు రాయడం ఇందులో భాగం. ఇలాంటి గుర్తులను మామూలు కంప్యూటర్ చదవగలదు గానీ రాయలేదు. ఆట మొదలయ్యేటప్పుడు ఆ గుర్తుల కోసం వెతుకుతుంది, దొరక్కపోతే ఆగిపోతుంది.

ఆ రోజుల్లో ఈ తాళాన్ని తప్పించడానికి ఆట ప్రోగ్రామునే మార్చిన కాపీలు విస్తారంగా తిరిగాయి. ఎన్నో ఆటల విషయంలో ఇప్పుడు చలామణిలో ఉన్నవి అవే. కొన్నిటిలో తాళం తీసేటప్పుడు ఆటలో దోషాలు వచ్చాయి. ముగింపు దాకా ఆడితే తప్ప ఆ దోషాలు బయటపడవు. అసలు ఫ్లాపీతో పోల్చకుండా ఇటువంటి కాపీ మీద ఆధారపడిన విశ్లేషణను జాగ్రత్తగా తీసుకోవాలి. తాళం కూడా ఆ కాలపు చరిత్రలో భాగమే కాబట్టి దాన్ని తొలగించకుండా దాచడం పరిరక్షకుల నియమం.

ఎమ్యులేటర్లు

నకలు తీసిన డేటాను నడపడానికి పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తారు. పీసీ-8801కు ఎం88, పీసీ-98కు నెకో ప్రాజెక్ట్ 2, ఎంఎస్ఎక్స్‌కు ఓపెన్ఎంఎస్ఎక్స్, ఎఫ్‌ఎం టౌన్స్‌కు త్సుగారు వాడుకలో ఉన్నాయి. మేమ్ అనే పెద్ద ప్రాజెక్టు వీటిలో చాలా యంత్రాలను కలుపుకుని పోతోంది. యంత్రంతో పాటు వచ్చిన రోమ్ చిప్‌లలోని విషయాలు, ముఖ్యంగా కంజి అక్షరాల ఆకారాలు, తయారీ సంస్థల సొత్తు. షార్ప్ 2000లో ఎక్స్68000 ప్రారంభ ప్రోగ్రామును, హ్యూమన్68కే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉచితంగా వాడుకోనిచ్చింది. ఈ ఒక్క నిర్ణయం ఆ యంత్రం మీద పనిచేసేవారికి చేసిన మేలు చాలా పెద్దది.

శబ్దం విషయంలో అనుకరణ మరింత కష్టం. 1985లో వచ్చిన పీసీ-8801ఎంకే2ఎస్ఆర్‌లోని యమహా ఎఫ్‌ఎం శబ్ద చిప్ కోసం యుజో కొషిరో వంటివారు స్వరపరిచిన సంగీతాన్ని ఎమ్యులేటర్ మీద వినేవారు, అసలు యంత్రం మీద రికార్డు చేసినదాన్ని కూడా పక్కన పెట్టుకుని సరిచూస్తారు.

సంస్థలు

జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయానికి ఫ్లాపీ, సీడీ వంటి రూపాల్లో వెలువడే ప్రచురణలను చట్టప్రకారం సమర్పించే విధానం 2000 అక్టోబరులో మొదలైంది. గేములూ అందులోకి వస్తాయి. అప్పటికే ఈ వ్యాసంలోని యంత్రాల కాలం దాటిపోయింది. కాబట్టి 1980ల ఆటలకు జాతీయ నిక్షేపం లేదు. ఈ లోటే ప్రైవేటు సేకర్తలను, స్వచ్ఛంద సంస్థలను రంగంలోకి దించింది.

క్యోటోలోని రిత్సుమెయికన్ విశ్వవిద్యాలయం 1998లో గేమ్ ఆర్కైవ్ ప్రాజెక్టును ప్రారంభించి, 2011లో గేమ్ అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పింది. ఫామికామ్ హార్డ్‌వేర్‌ను రూపొందించిన మసయుకి ఉఎమురా ఆ కేంద్రానికి నాయకత్వం వహించారు. అదే 2011లో టోక్యోలో ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ రెడాన్ అధ్యక్షతన 'గేము హోజోన్ క్యోకై' అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. 1980ల కంప్యూటర్ ఆటల ఫ్లాపీలను అయస్కాంత స్థాయిలో నకలు తీయడం, పత్రికలు, కరదీపికలు స్కాన్ చేయడం దీని ముఖ్య కార్యక్రమాలు. సభ్యుల చందాలు, స్వచ్ఛంద శ్రమ దీనికి ఆధారం. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ మాంగా, యానిమేషన్, గేములు, మీడియా కళలకు ఉమ్మడి డేటాబేస్‌ను తయారు చేయించింది.

వ్యాపార మార్గంలో 'ప్రాజెక్ట్ ఎగ్' 2001 నుంచి పాత కంప్యూటర్ ఆటలను హక్కుదారుల అనుమతితో విండోస్ మీద నడిచేలా అమ్ముతోంది. 2023లో నింటెండో స్విచ్ మీద 'ఎగ్‌కన్సోల్' పేరుతో అదే పని మొదలైంది.

చట్టం, హక్కులు

1985 సవరణతో జపాన్ కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాములకు స్పష్టమైన స్థానం వచ్చింది. 2018 డిసెంబరు 30 నుంచి రక్షణ కాలం 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది. సంస్థ పేరుతో 1983లో వెలువడిన ఆటకు 2033తో ముగియవలసిన గడువు 2053 చివరకు జరిగింది. ఫ్లాపీలు అప్పటిదాకా చదవడానికి వీలుగా ఉంటాయని ఎవరూ ఆశించడం లేదు.

ప్రోగ్రాము కాపీని కొన్నవారు తమ వాడకానికి అవసరమైన మేరకు నకలు తీసుకోవచ్చని 47-3 అధికరణం చెబుతుంది. మూల కాపీని అమ్మేస్తే నకలును ఉంచుకోకూడదు. తాళాన్ని తప్పించి కాపీ చేసుకోవడం సొంత వాడకానికైనా మినహాయింపు కిందికి రాదు. హక్కుదారు జాడ తెలియని కృతులకు సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ముఖ్యాధికారి నిర్ణయంతో, పరిహారం డిపాజిట్ చేసి వాడుకునే పద్ధతి ఉంది. 2023 సవరణ దానికి మరో మార్గాన్ని జోడించింది.

హక్కులు చేతులు మారిన తీరును ఛేదించడమే కొన్నిసార్లు పెద్ద పరిశోధన. 2003లో దివాలా తీసిన కంపైల్ సంస్థ ఆటలు డీ4 ఎంటర్‌ప్రైజ్ చేతికి వచ్చాయి. టెలినెట్ జపాన్ ఆటలు సన్‌సాఫ్ట్‌కు, అక్కడి నుంచి ఎడియాకు వెళ్లాయి. హడ్సన్ 2012లో కొనామీలో కలిసిపోయింది. ఒక్కరే రాసి, చిన్న దుకాణం పేరుతో అమ్మిన ఆటలకు ఈపాటి జాడ కూడా దొరకదు.

పరిశోధన

మొదటి సమస్య తేదీలు. పత్రికల్లో ప్రకటించిన విడుదల తేదీలు తరచూ వాయిదా పడేవి. సంచిక మీద అచ్చయిన నెలకన్నా పత్రిక ముందే అంగట్లోకి వచ్చేది. కరదీపిక వెనుక సంవత్సరం మాత్రమే ఉంటుంది. పరిశోధకులు వరుస సంచికల్లోని ప్రకటనలు, సమీక్షలు, అమ్మకాల పట్టికలను కలిపి చూసి విడుదలను ఒక నెలకు కుదించగలుగుతారు. అందుకే పత్రికల పూర్తి సంపుటాలకు ఆటలతో సమానమైన విలువ ఉంది.

రెండోది రూపాల తేడా. యుజి హోరీ 'పోర్తోపియా వరుస హత్యల కేసు'ను ఎనిక్స్ 1983లో పీసీ-6001 అనే కంప్యూటర్‌కు విడుదల చేసింది. అందులో ఆటగాడు ఏం చేయదలచుకున్నాడో తానే టైపు చేయాలి. ఎక్కువమందికి తెలిసిన 1985 ఫామికామ్ రూపంలో ఆదేశాలను జాబితా నుంచి ఎంచుకోవచ్చు. జపాన్ కథాత్మక గేముల పుట్టుక గురించి ఫామికామ్ రూపాన్ని మాత్రమే చూసి రాసిన విశ్లేషణలో ఈ మార్పే కనపడదు. హడ్సన్ 1986లో పీసీ-8801, ఎక్స్1లకు తెచ్చిన 'సూపర్ మారియో బ్రోస్. స్పెషల్' కూడా ఇలాంటిదే. ఫామికామ్‌లో లాగా తెర సాఫీగా జరగదు, ఆట అమరికా వేరు.

మౌఖిక చరిత్ర కూడా బలపడింది. జాన్ షెపానియాక్ తీసుకున్న ఇంటర్వ్యూలు 2014 నుంచి 2018 దాకా మూడు సంపుటాలుగా వచ్చాయి. అప్పటి ప్రోగ్రామర్లు వయసు మీరుతున్న కొద్దీ ఇలాంటి సేకరణ విలువ పెరుగుతోంది.

సోర్స్ కోడ్ అందుబాటులో లేని చోట ప్రోగ్రామునే విప్పి చదువుతారు. 'తోహో' వరుసలో జున్ అనే ప్రోగ్రామర్ పీసీ-98 కోసం రాసిన మొదటి ఐదు ఆటలను ఈ పద్ధతిలో తిరగరాసే 'రెక్98' ప్రాజెక్టు ఇందుకు మంచి ఉదాహరణ. తిరిగి రాసిన కోడ్ నుంచి తయారైన ఫైలు, అసలు ఫ్లాపీలోని ఫైలు బైటుకు బైటు ఒకటిగా ఉంటేనే పని పూర్తయినట్టు అక్కడ లెక్క.

పీసీ-98 ఆటల్లో పెద్దల కోసం చేసినవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇలాంటి ఆటల మీద 1991లో వచ్చిన వివాదం తర్వాత 1992లో పరిశ్రమ సొంత నియమ నిర్ణయ సంస్థను ఏర్పాటు చేసుకుంది. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ సేకరణలకు వీటిని చేర్చడం ఇబ్బందికరం. వదిలేస్తే మాత్రం తెర మీద చిత్రలేఖనం, బొమ్మలతో కథ చెప్పే పద్ధతి ఎలా ఎదిగాయో తెలిపే గొలుసులో లంకెలు తెగుతాయి. ఎల్ఫ్ సంస్థ 'దోక్యూసెయి' (1992), 'యునో' (1996) వంటివి తర్వాతి కథాత్మక గేముల మీద చూపిన ప్రభావం పరిశోధకులు విస్తృతంగా అంగీకరించినదే. కొన్ని సేకరణలు ఇలాంటి ఆటలను విడిగా, వయోజన పరిశోధకులకు మాత్రమే అందుబాటులో ఉంచుతాయి.

జాబితా తయారీలో సర్వత్రా ఒక్కటే నియమం ఇంకా కుదరలేదు. ఒకే ఆట యొక్క ఎక్స్1 రూపాన్ని, ఎఫ్‌ఎం-7 రూపాన్ని వేర్వేరు కృతులుగా లెక్కించాలా, ఒకే కృతికి రెండు ముద్రణలుగా లెక్కించాలా అన్నది ఒక ప్రశ్న. పెట్టె మారకుండా లోపల ఫ్లాపీని మాత్రం సరిదిద్ది అమ్మిన సందర్భాల్లో చిక్కు ఇంకా పెరుగుతుంది. రెండు కాపీల అయస్కాంత నకళ్లను పోల్చినప్పుడే ఆ తేడా వెలుగులోకి వస్తుంది. అందుకే ఒక ఆటకు ఒక్క కాపీ దొరికితే చాలనుకోకుండా, అదే ఆట రెండో కాపీని, మూడో కాపీని కూడా పరిరక్షకులు స్వీకరిస్తున్నారు.